ఎనిమిది బాటిళ్లు, ఐదు లీటర్ల లోటు: వరద శిబిరంలో ఒక తీవ్ర డీహైడ్రేషన్ కేసు

2022 జూలై మూడో వారంలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. గోదావరి ఎగపోటుకు శబరి కూడా వెనక్కి పొంగి చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల్లో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్నారు. నీళ్లు తీయడం మొదలైన రోజుల్లో అలాంటి ఒక గుట్ట మీద మా వైద్య శిబిరం నడిచింది. నేను, ఒక ఏఎన్ఎం, ఆ ఊరి ఆశా కార్యకర్త. ఉదయం పడవ మమ్మల్ని దింపితే మళ్లీ సాయంత్రమే వచ్చేది. ఈ కేసు ఆ శిబిరంలోది. రోగిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. చికిత్స, అంకెలు, పొరపాట్లు మాత్రం నా నోటు పుస్తకంలో ఉన్నవే.

వరద శిబిరాలకు వెళ్లే యువ వైద్యులు, నర్సులు, అంబులెన్స్ సిబ్బంది కోసం రాస్తున్నాను. సెలైన్ ఎక్కించడం చేతిపనిగా అందరికీ నేర్పుతారు. ఎంత ఎక్కించాలి, ఎంత వేగంగా, ఎప్పుడు ఆపి నోటికి మళ్లించాలి అన్న లెక్కను అంత శ్రద్ధగా నేర్పరు. ఆసుపత్రిలో ఆ లోపం కనబడదు. అక్కడ బాటిళ్లకు కొదవ ఉండదు, తప్పు చేస్తే సరిదిద్దేవాళ్లుంటారు. గుట్ట మీద అలా కాదు.

వచ్చినప్పటి స్థితి

మధ్యాహ్నం 1:50. నలుగురు మనుషులు నులక మంచం మోసుకొచ్చారు. దాని మీద నలభై ఆరేళ్ల స్త్రీ, వ్యవసాయ కూలీ. ముందు రోజు రాత్రి నుంచి విరేచనాలు. మొదట పలుచగా మొదలై తెల్లారేసరికి బియ్యం కడిగిన నీళ్లలా మారాయి. వాంతులు అయిదారు సార్లు. ఉదయం నుంచి మూత్రం లేదు. పిక్కలు పట్టేసి అరిచిందట. గంట నుంచి అరవడం కూడా మానేసింది. అప్పుడు భయపడి తెచ్చారు.

పిలిస్తే కళ్లు తెరిచేది, మళ్లీ మూసుకునేది. కళ్లు లోతుకు పోయాయి. నాలుక ఎండిపోయింది. గొంతు బొంగురుపోయి మాట గాలిలా వస్తోంది. వేళ్ల చివర్లు రోజంతా నీళ్లలో నానినట్టు ముడతలు పడ్డాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ఆ మడత అలాగే నిలబడి, రెండు మూడు అంకెలు లెక్కపెట్టాక మెల్లగా సర్దుకుంది. మణికట్టు దగ్గర నాడి లేదు. మెడ దగ్గర ఉంది, నిమిషానికి 140 దాకా. బీపీ కొలిచే పట్టీ రెండుసార్లు కట్టినా అంకె రాలేదు. శ్వాస నిమిషానికి 32, లోతుగా. ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి. అంత లోతైన శ్వాస ఒంట్లో ఆమ్లం పేరుకుందని చెప్పే గుర్తు. విరేచనంతో ఆమ్లాన్ని అణిచే బైకార్బనేట్ పోతుంది, రక్తప్రసరణ తగ్గి లాక్టిక్ ఆమ్లం చేరుతుంది.

కుడి చెయ్యి వెనక సెలైన్ కోసం నరంలో పెట్టే సన్నని గొట్టం, ఒక చిన్న పసుపు క్యాన్యులా, అంటే 24 సైజు, టేపు కింద వేలాడుతోంది. దాని చుట్టూ చెయ్యి ఉబ్బి ఉంది. తెల్లవారుజామున వాళ్లకు అందుబాటులో ఉన్న ఆర్ఎంపీ రెండు బాటిళ్లు పెట్టాడని కొడుకు చెప్పాడు. ఖాళీ బాటిళ్లు కూడా వెంట తెచ్చాడు, చూపిస్తే మేలనుకుని. ఆ తెలివి ఆమెకు మేలే చేసింది. రెండూ 5 శాతం డెక్స్ట్రోజ్. ఒకదాని అడుగున ఇంకా పసుపుపచ్చటి నీళ్లున్నాయి. విటమిన్ ఇంజెక్షన్ కలిపితే వచ్చే రంగు అది.

మన ఊళ్లలో ఆ పచ్చ బాటిల్‌కు ఉన్న గౌరవం నాకు తెలుసు. 'గ్లూకోజు పెట్టించుకుంటే ఓపికొస్తుంది' అని మా ఇంట్లో పెద్దవాళ్లే అనేవారు. అందుకే దీని మీద కాస్త నిలబడి చెప్పాలి. డెక్స్ట్రోజ్ బాటిల్‌లో ఉప్పు లేదు. ఒంట్లోకి వెళ్లిన చక్కెరను కణాలు వాడేసుకుంటాయి. మిగిలేది వట్టి నీరు. ఆ నీరు కణాల లోపలికీ బయటికీ ఒంట్లో అంతటా పంచుకుపోతుంది. లీటరు ఎక్కిస్తే రక్తనాళాల్లో నిలిచేది ఎనభై మిల్లీలీటర్లకు అటూ ఇటూ. అదే రింగర్ లాక్టేట్, మనం ఆర్ఎల్ అనేది, లీటరుకు దాదాపు పావు లీటరు నిలుస్తుంది. రోగి పోగొట్టుకున్నది ఉప్పు కలిసిన నీరు. ఉప్పు లేని నీరు పోస్తూ పోతే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. ఆర్‌ఎల్‌లో లీటరుకు 130 మిల్లీమోల్స్ దాకా సోడియం, 4 మిల్లీమోల్స్ పొటాషియం ఉంటాయి. అందులోని లాక్టేట్‌ను కాలేయం బైకార్బనేట్‌గా మారుస్తుంది. ఆర్ఎల్ లేకపోతే నార్మల్ సెలైన్ పెట్టవచ్చు. దానికి పొటాషియం, ఆమ్లాన్ని తగ్గించే గుణం లేవు గాని రక్తనాళాలను నింపుతుంది. డెక్స్ట్రోజ్ ఆ పని చేయదు.

గ్లూకోమీటర్‌లో చక్కెర 220 వచ్చింది. ఆమెకు మధుమేహం లేదు. అది తెల్లవారుజామున ఎక్కిన బాటిళ్ల చక్కెర, దానికి తోడు ఒంటి మీద పడ్డ ఒత్తిడి.

లెక్క

ఆమె బరువు యాభై కిలోలని అంచనా వేశాను. తీవ్ర డీహైడ్రేషన్ అంటే బరువులో పదో వంతు నీరు పోయినట్టే చూడాలి. ఐదు లీటర్ల లోటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ప్లాన్ సి' ప్రకారం పెద్దవాళ్లకు, ఏడాది దాటిన పిల్లలకు కిలోకు 30 మి.లీ. మొదటి అరగంటలో, మరో 70 మి.లీ. తర్వాతి రెండున్నర గంటల్లో. ఏడాదిలోపు పిల్లలకు అదే మోతాదు, కాలం మాత్రం రెట్టింపు: గంట, ఐదు గంటలు. అంటే ఈమెకు అరగంటలో లీటరున్నర, ఆపైన మూడున్నర లీటర్లు.

నా దగ్గరున్న ఆర్ఎల్ బాటిళ్లు ఎనిమిది. ఒక్కోటి 500 మి.లీ. మొత్తం నాలుగు లీటర్లు. నార్మల్ సెలైన్ రెండు బాటిళ్లు ఉదయం ఒక కాలిగాయం కడగడానికి అయిపోయాయి. అలా వాడకుండా ఉండాల్సింది, మరిగించి చల్లార్చిన నీళ్లు ఆ గాయానికి సరిపోయేవి. పడవ వచ్చేది ఆరు దాటాక. శిబిరంలో విరేచనాలతో ఇంకా పదకొండు మంది ఉన్నారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఎనిమిది బాటిళ్లూ ఒక్కరికే పెట్టినా ఆ ఒక్కరి లోటే తీరదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మాత్రం రెండు పెట్టెలున్నాయి.

అప్పుడు నాకు పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బనగావ్ గుర్తొచ్చింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో నిండిన ఆ శిబిరంలో కలరా వచ్చి సెలైన్ నిల్వలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన పొడిని నీళ్లలో కలిపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. కలరాలో పేగు నీటిని కక్కుతూ ఉన్నా, గ్లూకోజు, సోడియం జతగా వస్తే వాటిని లోపలికి లాగే దారి చెడిపోదు. వాటితోపాటు నీరూ వస్తుంది. నాడి లేని మనిషికి మాత్రం ఇది చాలదు. పేగుకు రక్తం అందాలి, మనిషి మింగగలిగి ఉండాలి. కాబట్టి సెలైన్ పని ఆమెను తాగగలిగే స్థితికి తేవడం. మిగిలిన లోటు నోటితో తీర్చాలి. ఇదీ ఆ నిమిషంలో నేను కట్టుకున్న పథకం. ఏఎన్ఎంకు గట్టిగా చెప్పాను, పక్కవాళ్లకు కూడా వినబడేలా: "సిస్టర్, మొదట మూడు బాటిళ్లు. నాడి చూస్తాను. అవసరమైతే ఇంకో మూడు. ఆ తర్వాత ఓఆర్ఎస్. రెండు బాటిళ్లు ముట్టుకోవద్దు."

నరం

నా మొదటి పొరపాటు ఇక్కడే. ఎడమ చెయ్యి వెనక ఒక సన్నని నరం కనబడితే దానికే వెళ్లాను. ఎండిపోయిన మనిషిలో కనబడే నరం నమ్మదగింది కాదు. సూది వెళ్లింది, చుక్క రక్తం వచ్చింది, సెలైన్ తెరవగానే చర్మం ఉబ్బింది. అయిదు నిమిషాలు పోయాయి. మొదటే మోచేతి మడతకు వెళ్లి ఉండాల్సింది. అక్కడి నరం కంటికి కనబడదు. వేలికి తెలుస్తుంది, అదీ ఓపిగ్గా తడిమితే. చెయ్యి మంచం పట్టీ కిందికి వేలాడదీసి, రబ్బరు గొట్టం బిగించి, తడి గుడ్డతో రుద్దించి, కళ్లు మూసుకుని వేలితో వెతికాను. మెత్తటి తాడులాంటిది తగిలింది. 18 సైజు ఆకుపచ్చ క్యాన్యులా 2:03కి లోపలికి వెళ్లింది.

అది కూడా తప్పితే ఏం చేయాలో ముందే అనుకున్నాను: ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేసి గంటకు కిలోకు 20 మి.లీ. చొప్పున ఓఆర్ఎస్. నరం దొరకలేదని చేతులు ముడుచుకోకూడదు. ఎంతసేపు వెతకాలో గడియారం పెట్టుకుని వెతకాలి.

మోచేతి మడతలో క్యాన్యులా ఉంటే చెయ్యి వంచినప్పుడల్లా ఆగిపోతుంది. ఓఆర్ఎస్ పెట్టె అట్టను చింపి, రెండు మడతలు వేసి, చేతి కింద పెట్టి గుడ్డతో కట్టాం. స్టాండు లేదు. టార్పాలిన్‌ను నిలబెట్టిన వెదురుకు బాటిల్ వేలాడదీశాం. మంచాన్ని కిందికి, నేలకు దగ్గరగా దింపి రెండు వైపులా ఎత్తు సంపాదించాం.

లీటరున్నర అరగంటలో అంటే నిమిషానికి 50 మి.లీ. మామూలు డ్రిప్ సెట్‌లో మిల్లీలీటరుకు 20 చుక్కలు, కాబట్టి నిమిషానికి వెయ్యి చుక్కలు. అది చుక్కలు లెక్కపెట్టే వేగం కాదు, ధారగా పడాలి. చక్రం పూర్తిగా వదిలేశాను. అయినా మొదటి బాటిల్‌కు 14 నిమిషాలు పట్టింది. కొడుకు బాటిల్‌ను పిండబోయాడు, ఆపాను. గాలి పోవడానికి పైన సూది గుచ్చిన బాటిల్‌ను పిండితే చివర్లో గాలి గొట్టంలోకి దిగే ప్రమాదం ఉంది. వేగం కావాలంటే రెండో చెయ్యి వెతకాలి. 2:20కి కుడి ముంజేతిలో, ఆ మొదటి బాటిల్ పుణ్యమా అని ఒక నరం పైకి తేలింది. 20 సైజు గులాబి క్యాన్యులా పెట్టి అటు కూడా తెరిచాను. 2:40కి మూడు బాటిళ్లు పూర్తయ్యాయి.

మంచం

నులక మంచం మనకు ఎంత ఉపకారమో చెప్పాలి. కలరా వార్డుల్లో మధ్యలో రంధ్రం ఉన్న ప్రత్యేక మంచాలుంటాయి. మా ఆశా కార్యకర్త ఎవరూ చెప్పకుండానే నులక తాళ్లను మధ్యలో పక్కకు జరిపి, ప్లాస్టిక్ షీట్ పరిచి, దానికి ఒక కోత పెట్టి, కింద బకెట్ ఉంచింది. మంచం దింపినప్పుడు బకెట్ పట్టేంత గుంత తవ్వించింది. రోగిని కదిలించే పని తప్పింది, చీర తడవడం తప్పింది. అన్నిటికంటే ముఖ్యం, పోయే నీటికి కొలత దొరికింది. బకెట్ లోపల లీటరు లీటరుకు బొగ్గుతో గీతలు గీసింది. ఆ గీతలే లేకపోతే ఈ కేసులో రెండో సగం అంతా గుడ్డి అంచనా అయ్యేది.

2:40 నుంచి

మణికట్టు దగ్గర నాడి దొరికింది. దారంలా సన్నగా, నిమిషానికి 128. పై బీపీ నాడి తడిమి చూస్తే 74. నాడి ఇంకా బలహీనంగా ఉంటే మొదటి మోతాదు మరోసారి ఇవ్వాలని నియమం. నాలుగో బాటిల్ తెరిచాం.

2:50కి ఆమె వణకడం మొదలుపెట్టింది. మంచం కదిలేంత వణుకు. సెలైన్ ఎక్కుతుండగా వణుకు వస్తే రెండు కారణాలు మనసులో మెదలాలి: చల్లటి ద్రవం, లేదా కలుషితమైన ద్రవం. రెండోదైతే ప్రాణాంతకం. అనుమానం ఉన్నప్పుడు ఆపడమే పద్ధతి. ఆపాను. బాటిల్‌ను వెలుతురుకు పెట్టి చూశాను: నలకలు లేవు, మబ్బు లేదు, గడువు దాటలేదు, పగులు లేదు. చంక కింద వేడి 96.4. చీర వానకు తడిసి ఒంటికి అంటుకుని ఉంది. అంతసేపూ నేను నరాలు చూశాను, బాటిళ్లు చూశాను, తడిచీర చూడలేదు. ఏఎన్ఎం పొడి చీర చుట్టి దుప్పటి కప్పింది. మిగతా బాటిళ్లను గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పెట్టాం. నాలుగు నిమిషాల్లో వణుకు తగ్గింది. మళ్లీ తెరిచి, వెనక నుంచి జ్వరం వస్తుందేమోనని పది నిమిషాలకోసారి వేడి చూశాం. రాలేదు.

మూడు దాటుతుండగా ఆమె తనంతట తాను కళ్లు తెరిచి కొడుకును చూసింది. నీళ్లడిగింది. కొడుకు వెంటనే నా వైపు చూసి, "ఇవ్వచ్చా డాక్టరమ్మా? తాగితే విరేచనాలు ఎక్కువవుతాయని రాత్రి నుంచీ మేమే ఇవ్వలేదు" అన్నాడు. తల్లి దాహం అని ఏడుస్తుంటే ప్రేమతోనే ఆపాడు. ఆ మాట విని నాకు దుఃఖం ఆగలేదు. ఆ అబ్బాయిని తప్పుపట్టడానికి నాకు మాట రాలేదు. "తాగితే విరేచనం రావచ్చు, బాబూ. వచ్చినా సరే, పోయిన దానికి బదులు లోపలికి వెళుతుంది. ఆపితే పోయేది ఆగదు, లోపలికి వెళ్లేది ఆగుతుంది" అన్నాను. గ్లాసు, చెంచా అతని చేతికే ఇచ్చాను.

ఓఆర్ఎస్ ఒక ప్యాకెట్, 20.5 గ్రాములు, లీటరు నీటికి. సగం నీళ్లలో కలిపితే చిక్కనై విరేచనాలు పెరుగుతాయి, రెట్టింపు నీళ్లలో కలిపితే ఉప్పు చాలదు. లీటరు సీసా మీద గీత చూపించి కలిపించాం. మూడో చెంచాకే వాంతి చేసుకుంది. పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతోనే మొదలుపెట్టాడు. తర్వాత గ్లాసులోకి మారింది.

3:20కి ఆరు బాటిళ్లు, మూడు లీటర్లు పూర్తి. నాడి 108, నిండుగా. బీపీ 96/60. శ్వాస 24. ఊపిరితిత్తుల అడుగుభాగంలో చిటపట శబ్దం లేదు, మెడ నరాలు ఉబ్బలేదు, కనురెప్పలు వాయలేదు. కుడి చేతి క్యాన్యులాను మూతపెట్టి ఉంచాం. ఎడమ చేతికి ఏడో బాటిల్‌ను నిమిషానికి ముప్పై చుక్కలతో, దారి మూసుకుపోకుండా మాత్రమే పెట్టాం. వాంతులు ఆగాక ఏదో కాస్త తినిపించి డాక్సీసైక్లిన్ 300 మి.గ్రా. ఒకే మోతాదు ఇచ్చాను. విరేచనం నమూనా తీసి పెట్టాం. సూక్ష్మజీవి పేరు తెలిసేదాకా నీటి లెక్క ఆగదు.

ఆ తర్వాత మూడు గంటలు నేను మంచం పక్క నుంచి దూరం వెళ్లలేదు. దీనికి ఒక పాత కారణం ఉంది. 1832లో స్కాట్లండ్‌లోని లీత్‌లో థామస్ లాటా అనే వైద్యుడు కలరాతో చావు అంచున ఉన్న ఒక వృద్ధురాలికి నరంలోకి ఉప్పునీరు ఎక్కించాడు. అరగంటలో ఆరు పైంట్లు. ఆమె ముఖంలోకి రంగు వచ్చింది, ఒళ్లు వెచ్చబడింది, హాయిగా ఉందంది. ఆయన ఆమెను మరో వైద్యుడికి అప్పగించి వెళ్లాడు. వాంతులు, విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. మళ్లీ ఎక్కించేవాళ్లు లేక అయిదున్నర గంటల్లో ఆమె చనిపోయింది. సెలైన్ చరిత్రలో మొదటి రోగి కథే ఇది. నాడి వచ్చిన గంటలోనే మనం ఏమరుపాటు పడతాం, బంధువులు కూడా బాగుపడిందని ఇంటికి తీసుకుపోతామంటారు. బకెట్ మాత్రం నిండుతూనే ఉంటుంది.

5:40కి మూత్రం వచ్చింది. కొంచెమే, ముదురు రంగులో. 6:15కి పడవ వచ్చేసరికి లెక్క ఇది: నరం ద్వారా ఆరు బాటిళ్లు, ఏడో దాంట్లో సగం, మొత్తం 3.25 లీటర్లు. నోటితో 2.1 లీటర్లు. బకెట్‌లో 2.2 లీటర్లు. నికరంగా లోపల నిలిచింది మూడు లీటర్లకు కాస్త ఎక్కువ. ఐదు లీటర్ల లోటులో ఇంకా రెండు లీటర్లకు దగ్గరగా బాకీ. కళకళలాడుతున్న మనిషిని చూసి 'గట్టెక్కింది' అనుకునే చోట ఈ లెక్క అడ్డం పడింది. అంకెలన్నీ ఒక అట్టముక్క మీద రాసి ఆమె దుప్పటికి పిన్నుతో గుచ్చాను. పడవలో బాటిల్ వేలాడదీసే ఎత్తు ఉండదని క్యాన్యులాలకు మూతపెట్టి, ఏడో బాటిల్‌లోని మిగతా సగం వెంట పంపి, లీటరు ఓఆర్ఎస్ సీసా కొడుకు ఒళ్లో పెట్టాం. ఏఎన్ఎం తోడు వెళ్లింది. ఏరియా ఆసుపత్రిలో ఆ రాత్రి మరో రెండు లీటర్ల ఆర్ఎల్ పెట్టారు. మూడో రోజు నడిచి ఇంటికి వచ్చింది.

మరికొన్ని మాటలు

ఈ వేగం అందరికీ పనికిరాదు. 2011లో వెలువడిన 'ఫీస్ట్' అధ్యయనంలో ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో జ్వరంతో, మందగించిన రక్తప్రసరణతో వచ్చిన మూడు వేల మందికి పైగా పిల్లలను చూశారు. వేగంగా ద్రవం ఎక్కించిన పిల్లల్లో 48 గంటల మరణాలు 10.5 శాతం దాటాయి, ఎక్కించని పిల్లల్లో 7.3 శాతం. విరేచనాల పిల్లలను ఆ అధ్యయనంలో చేర్చలేదు, కాబట్టి ప్లాన్ సి మారలేదు. కానీ మన ఏజెన్సీలో మలేరియా జ్వరంతో, తీవ్ర రక్తహీనతతో, పోషకాహార లోపంతో వచ్చే బిడ్డకు చల్లబడ్డ చేతులు చూసి ధారగా వదిలితే గుండె తట్టుకోదు. బాటిల్ తెరవక ముందు ఆ బిడ్డ ఏం పోగొట్టుకుందో అడగాలి: నీరా, రక్తమా, లేక ఏమీ పోగొట్టుకోకుండానే ప్రసరణ చెడిందా. రక్తస్రావం సంగతి వేరే వ్యాసమంత ఉంది. శిక్షణ లేనివారు ఈ పని చేయకూడదన్నది చెప్పనక్కరలేదు. ఓఆర్ఎస్ మాత్రం ఎవరైనా ఇవ్వాలి, ఆలస్యం లేకుండా.

పసుపు క్యాన్యులా పెట్టిన ఆర్ఎంపీని వారం తర్వాత కలిశాను. ఎవరూ లేని రాత్రి వానలో ఆ ఇంటికి వెళ్లిన మనిషి అతనొక్కడే. నా దగ్గర మిగిలిన ఓఆర్ఎస్ పెట్టె ఇచ్చి, సూది పని మానుకొని ఇలాంటి కేసు కనబడగానే ఓఆర్ఎస్ పట్టిస్తూ మాకు కబురు చేయమని అడిగాను. ఆ నెలలో రెండుసార్లు ఫోను చేశాడు.

ముట్టుకోవద్దన్న ఎనిమిదో బాటిల్‌కు ఆ రాత్రే పని పడింది. పడవ వెళ్లిన రెండు గంటలకు మూడేళ్ల పిల్లవాడిని తెచ్చారు. బరువు 12 కిలోలు, అవే గుంటకళ్లు, అదే నాడి లేని మణికట్టు. ముందు జబ్బకు కొలత పట్టీ చుట్టి చూశాను: 13 సెంటీమీటర్లు, ఆకుపచ్చ గడిలోనే ఉంది. తీవ్ర పోషకాహార లోపం లేదు, వేగంగా ఇవ్వవచ్చు. ఈసారి నేరుగా మోచేతి మడతకే వెళ్లాను. అరగంటలో 360 మి.లీ. బాటిల్‌లో 140 మిగిలి ఉండగా వాడు ఏడ్చాడు, కన్నీళ్లు రాకుండానే. ఆశా కార్యకర్త అప్పటికే చెంచా పట్టుకుని కూర్చుంది.